బస్సులకిచ్చే డబ్బు తగ్గిస్తున్నారు: అభ్యంతరం ఎలా రాస్తే వింటారు?

కిటికీసీటు | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా దగ్గర లోకల్ బస్సులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బులో వచ్చే బడ్జెట్ నుంచి కోత పెడుతున్నారు. బస్టాండులో ఒక కాగితం అంటించారు, అంతే. దాంట్లో "సర్వీసుల హేతుబద్ధీకరణ" అని ఉంది. రెండుసార్లు చదివాక గానీ బస్సులు తీసేస్తున్నారని అర్థం కాలేదు. మధ్యాహ్నం ట్రిప్పులు సగానికి సగం, రాత్రి తొమ్మిది తర్వాతవి మొత్తం, ఆదివారాలు రెండు రూట్లు పూర్తిగా. అభ్యంతరాలకు మూడు వారాల గడువు, ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ.

నేను పని ముగించుకుని బయటపడేది తొమ్మిదింపావుకి. నిన్న రాత్రి కూర్చుని కోపంగా రెండు పేజీలు రాశాను. పొద్దున చదువుకుంటే నాకే ఏడుపు ఉత్తరంలా అనిపించింది. వాళ్లు చదివి పక్కన పెట్టేయరూ? ఇలాంటివి రాసినవాళ్లు, చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

పన్నుకట్టేవాణ్ణి | సోమవారం, రాత్రి 10:58

మీ ఇబ్బంది అర్థమైంది. కానీ అవతలివైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలిగా.

మా ఇంటి ముందు నుంచి మధ్యాహ్నం రెండింటికి ఒక బస్సు పోతుంది. రోజూ చూస్తాను. డ్రైవరు, కండక్టరు, ఒక పెద్దాయన. ఆ ఒక్కడి కోసం నలభై సీట్ల బండి నడపాలా? నష్టం వచ్చే దుకాణాన్ని ఎవరైనా మూసేస్తారు. ప్రభుత్వమైతే మాత్రం నా పన్నుతో ఎన్నాళ్లు లాగుతుంది? కోపం తెచ్చుకోకండి, అడుగుతున్నానంతే.

---

నైట్‌షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:30

నష్టం వచ్చే దుకాణమట. మీ ఇంటి ముందు రోడ్డు ఎంత లాభం తెచ్చింది సార్ పోయినేడాది? వీధిదీపం టికెట్ కొడుతుందా?

---

పాతకండక్టర్ | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా కిటికీసీటూ, ముందు ఆ పెద్దమనిషికి జవాబు చెప్పి నీ దగ్గరికొస్తాను. రెండూ ఒకటే జవాబు.

నేను ఇరవై ఏళ్లకు పైగా టికెట్లు కొట్టాను. చివర్లో కొన్నేళ్లు డిపోలో షెడ్యూళ్లు వేసే టేబుల్ దగ్గర కూర్చున్నాను. కోతల కాగితాలు ఎలా తయారవుతాయో దగ్గర్నుంచి చూసినవాణ్ణి.

మొదటి సంగతి. పన్నుకట్టేవాణ్ణి గారూ, మీ ఇల్లు రూటు చివర్లో ఉంటుందేమో చూసుకోండి. ఏ బస్సైనా చివరి స్టాపుకి ఖాళీగానే చేరుతుంది. అందరూ దిగాల్సిన చోట దిగాక మిగిలేది ఖాళీయే కదా. బస్సు నిండిందో లేదో చూడాలంటే రూటు మధ్యలో, రెండు దారులు కలిసే చోట నిలబడి చూడాలి.

రెండోది అసలైనది. ఒక డిపోకి ఎన్ని బస్సులు కావాలి, ఎంతమంది డ్రైవర్లు కావాలి అనేది పొద్దున, సాయంత్రం రద్దీని బట్టి తేలుతుంది. ఆ రద్దీకి కొన్న బస్సే మధ్యాహ్నం కూడా తిరుగుతుంది. మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తే ఏం మిగులుతుంది? డీజిలు, టైర్ల అరుగుదల, కొంచెం ఆయిలు. డ్రైవరు జీతం ఆగదు, అతను ఎనిమిది గంటల డ్యూటీకి వచ్చినవాడే, డిపోలో కూర్చుంటాడు. బస్సు మీది అప్పు ఆగదు. ఇన్సూరెన్సు, షెడ్డు, కాపలా, మెకానిక్కులు, ఏదీ ఆగదు. పైపెచ్చు ఆ బస్సు డిపోకి వచ్చి మళ్లీ సాయంత్రం వెళ్లాలి కాబట్టి డెడ్ కిలోమీటర్లు, అంటే జనం లేకుండా ఖాళీగా తిరిగే దూరం, పెరుగుతాయి.

మరి కాగితంలో ఎలా రాస్తారు? మొత్తం ఖర్చుని మొత్తం కిలోమీటర్లతో భాగిస్తారు. దాన్ని సీపీకే అంటాం, కిలోమీటరుకయ్యే ఖర్చు. తీసేసే కిలోమీటర్లతో దాన్ని గుణించి "ఇంత ఆదా" అని రాసేస్తారు. లెక్క తప్పు కాదు, కానీ ఆ ఆదా చేతికి రాదు. ఏడాది తిరిగాక చూస్తే ఖర్చు పెద్దగా తగ్గదు, రాబడి మాత్రం పడిపోయి ఉంటుంది. అప్పుడు ఇంకో కోత.

అందుకని నీ ఉత్తరంలో మొదటి ప్రశ్న ఇదే పెట్టు: "మీరు చెబుతున్న ఆదాలో నిజంగా ఆగిపోయే ఖర్చు ఎంత, సగటు మీద వేసిన లెక్క ఎంత?" ఈ ఒక్క ముక్కకి జవాబు రాయాలంటే వాళ్లు ఫైలు మళ్లీ తెరవాలి.

---

లెక్కలపిచ్చి | మంగళవారం, ఉదయం 8:44

కండక్టర్ గారు చెప్పిన "ఇంకో కోత" గురించి నేను కొంచెం.

బస్సు పావుగంటకోసారి వస్తుంటే టైము చూడకుండా స్టాపుకి వెళ్లినవాడు సగటున ఏడున్నర నిమిషాలు ఆగుతాడు. అదే అరగంటకోసారి చేస్తే పావుగంట. ఒక బస్సు దిగి ఇంకోటి ఎక్కాలంటే రెండుచోట్లా ఆగాలి, అంటే మొత్తం అరగంట రోడ్డు మీదే. బస్సులు సగం చేస్తే "సగం సర్వీసు మిగిలిందిగా" అనుకుంటారు పైవాళ్లు. ఎక్కేవాడికి మాత్రం ఎదురుచూపు రెట్టింపు.

దీన్నే తిరగేసి చెప్పినవాడు హెర్బర్ట్ మోరింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, 1972లో. ఎక్కేవాళ్లు పెరిగితే బస్సులు పెంచుతారు, బస్సులు పెరిగితే పాతవాళ్లకి కూడా ఎదురుచూపు తగ్గుతుంది. అంటే కొత్తగా బస్సెక్కే ప్రతివాడూ మిగతావాళ్లకి మేలు చేస్తున్నట్టే. కారు విషయంలో దీనికి పూర్తిగా ఎదురు, కొత్త కారు వస్తే రోడ్డు మీద ఉన్న అందరికీ ఆలస్యం. ప్రజా రవాణాకు సబ్సిడీ ఇవ్వాలనే వాదనకు ఆర్థికశాస్త్రంలో గట్టి పునాది ఇదే. మీరు జాలి అడుక్కోనక్కర్లేదు.

కోత పెడితే ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. బస్సు తగ్గింది, ఎదురుచూపు పెరిగింది, ఎలాగోలా బండి కొనుక్కోగలిగినవాడు వెళ్లిపోయాడు, టికెట్ల డబ్బు తగ్గింది, "చూశారా ఎవరూ ఎక్కట్లేదు" అన్నారు. వెళ్లలేనివాడు మాత్రం స్టాపులోనే ఉంటాడు.

---

టూవీలర్ | మంగళవారం, ఉదయం 9:15

నిజం చెప్తున్నా, నేను బస్సెక్కి ఏళ్లయింది. ఈ చర్చ ఎందుకు తెరిచానో కూడా తెలీదు. బస్సులు తగ్గితే రోడ్డు ఖాళీ అవుతుంది కదా, మాలాంటోళ్లకి మంచిదేగా?

---

లెక్కలపిచ్చి | మంగళవారం, ఉదయం 9:31

టూవీలర్ బ్రో, బస్సు పోయినా అందులో ఉన్న జనం పోరు. వాళ్లంతా నీ పక్కకే వస్తారు, ఒక్కొక్కరూ ఒక్కో బండి మీద.

అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం, నాక్టో అంటారు, రోడ్డు లేన్ల మీద వేసిన అంచనా ఒకటుంది. మామూలు కార్ల లేనులో గంటకు 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే వెడల్పున్న లేనుని బస్సులకే వదిలేస్తే 4,000 నుంచి 8,000. ఆ జనాన్ని నీ లేనులోకి తోస్తే నీ ఆఫీసు టైము ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

దీనికి డౌన్స్–థామ్సన్ అనే ఇద్దరి పేరు మీద ఒక సూత్రం కూడా ఉంది. రద్దీగా ఉన్న ఊళ్లో కారువాడి వేగం చివరికి బస్సు, రైలు వేగాన్ని బట్టే తేలుతుందని. బస్సు బాగుంటే కొందరు అటు వెళ్తారు, రోడ్డు వదులవుతుంది. బస్సు చెడితే అందరూ రోడ్డెక్కుతారు, ఇద్దరూ ఒకే గతిన పాకుతారు.

---

టూవీలర్ | మంగళవారం, ఉదయం 9:40

సర్లే. ఉంటా ఇక్కడే.

---

పట్టాలప్రేమి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

బస్సుల చర్చలోకి రైళ్లు తెస్తున్నందుకు క్షమించాలి. కానీ కోతల సంగతి వస్తే బీచింగ్‌ని తలచుకోకుండా ఉండలేను.

1961లో బ్రిటన్ రైల్వేల నష్టాలు తగ్గించమని రిచర్డ్ బీచింగ్ అనే ఆయన్ని కూర్చోబెట్టారు. 1963లో ఇచ్చిన నివేదికలో ఆయన 2,363 స్టేషన్లు మూసేయమన్నాడు. లెక్క పైకి చూస్తే శుభ్రంగా ఉంది, చిన్న లైన్ల మీద టికెట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. పప్పులో కాలేసింది ఎక్కడంటే, చిన్న లైను పోయినా జనం కార్లలో పెద్ద స్టేషన్ దాకా వచ్చి అక్కడ రైలెక్కుతారు అనుకోవడం. ఒకసారి కారు బయటికి తీసినవాడు మధ్యలో ఆగి రైలెందుకెక్కుతాడు? నేరుగా ఊరిదాకా కార్లోనే పోతాడు. వాగులు ఎండితే నదికి నీళ్లెక్కడివి? పెద్ద లైన్ల రాబడి కూడా దెబ్బతింది. బదులుగా వేసిన బస్సులు చాలాచోట్ల కొన్నేళ్లలోనే ఆగిపోయాయి. ఇన్ని మూసినా నష్టాలు పోలేదు. లాభం రాకపోయినా సమాజానికి అవసరమైన లైన్లకు సబ్సిడీ ఇవ్వాలని చివరికి 1968లో చట్టమే చేసుకున్నారు.

స్కాట్లండ్‌లో 1969లో మూసిన వేవర్లీ లైనులో కొంత భాగాన్ని 2015లో మళ్లీ వేశారు. పట్టాలు పీకడం తేలిక. మళ్లీ వేయడానికి 46 ఏళ్లు పట్టింది.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను, ఇది నాకు మహా ఇష్టం. ఉత్తర ఇంగ్లండ్‌లో సెటిల్–కార్లైల్ లైను. 1980ల మొదట్లో మూసేస్తామన్నారు. రిబుల్‌హెడ్ అనే చోట 24 కమానుల పాత వంతెన ఉంది, దాని మరమ్మతుకే బోలెడవుతుందని కారణం చూపించారు. నోటీసు రాకముందే రైళ్లు దారి మళ్లించి, సర్వీసులు తగ్గించి, జనం రావట్లేదనే వాతావరణం తయారుచేశారని అక్కడివాళ్ల ఆరోపణ. జనం ఊరుకోలేదు. సంఘం పెట్టుకున్నారు, వేల అభ్యంతరాలు రాశారు. ప్రయాణికులు మాత్రమే అభ్యంతరం చెప్పాలి అన్నది నియమం. రస్వార్ప్ అనే కుక్కకి దాని యజమాని టికెట్ కొనేవాడు, కాబట్టి అదీ ప్రయాణికుడే! దాని పాదముద్ర కూడా అభ్యంతరాల్లో చేరింది.

నవ్వు అలా ఉంచితే, వాళ్లు చేసిన అసలు పని ఇంకోటి. కాగితాలు రాస్తూ కూర్చోకుండా రైళ్లు నింపారు. 1983లో ఏడాదికి లక్ష లోపున్న ప్రయాణాలు 1989 నాటికి నాలుగు లక్షలు దాటాయి. మధ్యలో, 1986లో, మూసేసిన చిన్న స్టేషన్లు ఎనిమిది తిరిగి తెరిపించుకున్నారు. 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం మూసివేతను రద్దు చేసింది. వంతెన పని కూడా ముందు బెదిరించినదానికంటే చాలా తక్కువలో తేలింది. రస్వార్ప్‌కి ఇప్పుడు గార్స్‌డేల్ స్టేషన్లో విగ్రహం ఉంది.

---

నైట్‌షిఫ్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:22

కుక్క దగ్గర నేను ఏడ్చేశాను. థాంక్యూ.

---

చివరిస్టాప్ | మంగళవారం, రాత్రి 8:50

పొద్దున్నుంచి చదువుతున్నా. నా సంగతి చెప్తాను.

మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండేళ్ల కిందట మా రూటులో మధ్యాహ్నం బస్సు తీసేశారు. డయాలసిస్ నాలుగు గంటలు. పొద్దుటి బస్సుకి వెళ్తే పని అయ్యేసరికి ఒంటిగంట, తిరుగు బస్సు సాయంత్రం ఐదున్నరకి. ఆ నాలుగున్నర గంటలు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకుంటుంది. ఒక్కోసారి ఆటో మాట్లాడుకుంటే ఆ వారం ఇంట్లో ఇంకేదో ఆగిపోతుంది. బస్సు తీసినవాళ్ల ఫైల్లో అది "ఆదా" అయింది. మా ఇంట్లో ఖర్చయింది. ఖర్చు ఎక్కడికీ పోలేదు, చేతులు మారిందంతే.

కెనడాలో సస్కాచెవాన్ అని ఒక రాష్ట్రం ఉంది. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, 2017 నాటికి జనం పదకొండు లక్షలకు పైగా. 1946 నుంచి ప్రభుత్వ బస్సు సంస్థ 250కి పైగా ఊళ్లను కలిపేది. 2017 మార్చి బడ్జెట్‌లో మూసేస్తామన్నారు, మే 31కి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. డెబ్బై ఏళ్ల సంస్థకి రెండున్నర నెలలు కూడా టైమివ్వలేదు. ప్రైవేటువాళ్లు వచ్చి ఆ ఖాళీ నింపుతారన్నారు. కొన్ని దారుల్లో వచ్చారు. చిన్న ఊళ్లకి రాలేదు. ఆసుపత్రికి నగరం వెళ్లాల్సిన రోగులకీ, ఆదివాసీ ఊళ్లవాళ్లకీ ఎక్కువ దెబ్బ తగిలింది. అక్కడి సంగతి చదువుతుంటే మా అమ్మ బెంచీయే కళ్లముందు కనబడింది.

---

పన్నుకట్టేవాణ్ణి | మంగళవారం, రాత్రి 9:35

చివరిస్టాప్ గారూ, అమ్మగారి గురించి చదివి బాధేసింది. నిజంగా.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. డబ్బులు చెట్లకు కాస్తాయా? కోత వద్దనడం తేలిక. ఎక్కడినుంచి తేవాలో కూడా చెప్పాలిగా. "ఎక్కడినుంచైనా తెండి" అంటే అధికారి చేతులెత్తేస్తాడు.

---

లెక్కలపిచ్చి | మంగళవారం, రాత్రి 10:15

మంచి ప్రశ్న. ఈసారి వెటకారం లేకుండా జవాబిస్తా.

ఫ్రాన్సులో 1971 నుంచి ఒక పద్ధతి ఉంది. బస్సులు, మెట్రోల వల్ల ఉద్యోగులు పనికి చేరుతున్నారు, లాభపడేది యజమాని కాబట్టి జీతాల మీద లెక్కగట్టి యజమాని చిన్న పన్ను కట్టాలి. ముందు పారిస్ ప్రాంతంలో, తర్వాత మిగతా పట్టణాలకి. ఇప్పుడు 11 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలకి వర్తిస్తుంది. అక్కడి ప్రజా రవాణాకు ముఖ్యమైన ఆధారం అదే.

లండన్ 2003 ఫిబ్రవరి నుంచి నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టింది, ఖర్చులు పోగా మిగిలింది రవాణాకే వాడాలి. స్టాక్‌హోమ్ 2006లో ఇలాంటిదే ప్రయోగంగా మొదలుపెట్టింది. వాళ్లు చేసిన తెలివైన పని, రుసుము మొదలవకముందే, 2005 ఆగస్టు నుంచే అదనపు బస్సులు దించడం. ముందు దారి చూపించి తర్వాత చేయి చాచారు.

ఇంకోటి మీకు నచ్చుతుంది. అమెరికాలో అట్లాంటా పక్కన క్లేటన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అని ఉంది. 2010 మార్చి 31న డబ్బు లేదని మొత్తం బస్సులు ఆపేశారు, ఒక్క రూటు కూడా మిగల్లేదు. రెండున్నర లక్షల జనం ఉన్న చోట. 2014లో ఓటు పెట్టారు: అమ్మకం పన్ను ఒక శాతం పెంచుకుంటే బస్సులొస్తాయి, సరేనా? నూటికి డెబ్బైమందికి పైగా సరే అన్నారు. 2015లో బస్సులు తిరిగొచ్చాయి. అంటే పన్ను కట్టేవాళ్లే, నాలుగేళ్లకు పైగా బస్సు లేకుండా బతికి చూసి, మా దగ్గర తీసుకోండి అన్నారు.

ఎలా తేకూడదో కూడా చెప్పాలి. అమెరికాలోనే ఫిలడెల్ఫియాలో 2025 ఆగస్టులో 32 బస్సు రూట్లు తీసేశారు. గొడవై, కోర్టు దాకా వెళ్లి, సెప్టెంబరులో తిరిగి పెట్టారు. డబ్బు ఎక్కడిది? కొత్త బండ్లకీ మరమ్మతులకీ దాచిన పెట్టుబడి నిధిలోంచి. విత్తనాలు వండుకు తిన్నట్టు. ఈ పూట గడుస్తుంది.

---

పాతకండక్టర్ | బుధవారం, ఉదయం 5:50

ఆ చివరి మాట గట్టిగా పట్టుకోండి. జనానికి కనబడేది రూటు కోత. కనబడని కోత మరమ్మతు కోత, అది ఇంకా ప్రమాదం. స్పేర్ పార్టులు ఆపేస్తారు, ఒక బస్సు విప్పి ఇంకో బస్సుకి తగిలిస్తారు. ఏడాది దాకా ఎవరికీ తెలియదు. తర్వాత రోడ్డు మీద బ్రేక్‌డౌన్లు మొదలు.

న్యూయార్క్ సబ్‌వే 1970లలో ఇలాగే చేసింది. 1981 నాటికి ఒక్కో బోగీ సగటున ఏడు వేల మైళ్లు తిరగకముందే చెడిపోయేది. ఆ తర్వాత 1982 నుంచి పెద్ద ఎత్తున డబ్బు పెట్టి బాగుచేస్తే, 2000ల నాటికి ఆ లెక్క లక్ష మైళ్లు దాటింది. డబ్బు పెడితే బండి తిరుగుతుంది, ఇందులో మాయేం లేదు.

---

నైట్‌షిఫ్ట్ | బుధవారం, ఉదయం 7:30

అందరూ లెక్కలే అంటున్నారు గానీ, రాత్రి బస్సు గురించి ఒక మాట. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత బస్సులో ఉండేది ఎవరో తెలుసా? వార్డు ఊడ్చినవాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగినవాళ్లు, దుకాణం షట్టర్ దించినవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు. నోటీసు బోర్డు చదివి అభ్యంతరం రాసే తీరిక వీళ్లకి ఉండదు. అందుకే రాత్రి బస్సు మీద ముందు చేయి పడుతుంది.

ఇంకో సంగతి. ఆఖరి బస్సు తీసేస్తే దాని ముందు బస్సు కూడా ఖాళీ అవుతుంది. డ్యూటీ అరగంట లేటైతే ఇంకో బస్సుందిలే అన్న ధైర్యంతోనే కదా పొద్దున బస్సెక్కేది. ఆ ధైర్యం పోతే పొద్దునే బండి తీస్తారు, లేదా ఆ ఉద్యోగమే మానేస్తారు. మా దగ్గర ఇద్దరమ్మాయిలు మానేశారు.

---

ఎర్రబస్సు | బుధవారం, ఉదయం 11:05

ఉత్తరాలు, అభ్యంతరాలు, నియమాలు... ఇవన్నీ చెత్తబుట్టకే. రోడ్డుకడ్డంగా కూర్చుంటే సాయంత్రానికి దిగొస్తారు. 1953లో కలకత్తాలో ట్రామ్ సెకండ్ క్లాస్ చార్జీ ఒక్క పైసా పెంచితే నగరం అట్టుడికిపోయింది, పెంపు వెనక్కి తీసుకున్నారు. 2013లో బ్రెజిల్‌లో 20 సెంతావోల (మన పైసల్లాంటివి) పెంపు మీద లక్షలమంది వీధుల్లోకొచ్చారు, సావో పాలోలో, రియోలో రద్దు చేశారు. 2015లో రవాణాని రాజ్యాంగంలోనే సామాజిక హక్కుగా చేర్చారు. కుక్క పాదముద్రలతో ఇవి వస్తాయా? ఆ నోటీసు అంటించినవాడి ఇంటి ముందు బస్సు అడ్డం పెట్టి

---

అడ్మిన్ | బుధవారం, ఉదయం 11:20

ఎర్రబస్సు గారి పోస్టులో చివరి వాక్యం మధ్యలోంచి తీసేశాను. ఎవరి ఇళ్ల ముందుకూ వెళ్దామని ఇక్కడ రాయొద్దు. మిగతా చర్చ బాగా నడుస్తోంది, నడవనివ్వండి.

---

పట్టాలప్రేమి | బుధవారం, మధ్యాహ్నం 12:02

ఎర్రబస్సు గారూ, చార్జీ పెంపు మీద జనం ఒక్కరోజులో కదులుతారు, ఎందుకంటే అందరి జేబులోంచి ఒకే రోజు పోతుంది. సర్వీసు కోత అలా కాదు. ఒక్కో రూటూ, ఒక్కో ట్రిప్పూ, వేరువేరు నెలల్లో పోతుంది. ఈ రూటువాడికి ఆ రూటు సంగతి పట్టదు. అందుకే దీనికి ఓపిగ్గా కాగితం కూడా కావాలి.

లాస్ ఏంజిలిస్‌లో బస్సు ప్రయాణికుల సంఘం రెండూ చేసింది. 1994లో అక్కడి రవాణా సంస్థ రైలు మార్గాలకి డబ్బు కుమ్మరిస్తూ బస్సు చార్జీలు పెంచి, నెల పాసు తీసేయబోయింది. వీళ్లు ఒకవైపు వీధుల్లో ఉంటూనే పౌరహక్కుల చట్టం కింద కోర్టుకెళ్లారు. 1996లో రాజీ ఒప్పందం కుదిరింది, పదేళ్లపాటు అమల్లో ఉంది. పాసు నిలిచింది, బస్సుల్లో కిక్కిరిసి నిలబడాల్సిన పరిస్థితి తగ్గించాలని షరతు పడింది. బస్సు ఎక్కేవాళ్లే వాది కావడం అందులో గొప్ప సంగతి.

---

టూవీలర్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఒక డౌటు. అసలు ఫ్రీ చేసేస్తే? అందరూ ఎక్కుతారు, ఖాళీ బస్సు గొడవ ఉండదు.

---

లెక్కలపిచ్చి | బుధవారం, మధ్యాహ్నం 1:25

నా అభిప్రాయం: బస్సు ఉంటేనే ఫ్రీ అన్నదానికి అర్థం. లక్సెంబర్గ్ 2020 నుంచి దేశమంతా ఉచితం చేసింది, కానీ దాంతోపాటు ట్రాముల మీదా రైళ్ల మీదా డబ్బు పెడుతూనే ఉంది. చిన్నది, సంపన్న దేశం. జర్మనీ 2022 వేసవిలో మూడు నెలలు నెలకి తొమ్మిది యూరోల టికెట్ పెట్టింది, దాదాపు 5.2 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. నగరాల్లో పండగే. బస్సే రాని పల్లెల్లో ఆ టికెట్ జేబులో పెట్టుకుని ఏం చేయాలి?

కిటికీసీటు గారి ఉత్తరంలో ఫ్రీ మాట ఎత్తకపోవడమే మంచిది. అటు పోతే అసలు ప్రశ్న పక్కకెళ్తుంది.

---

నైట్‌షిఫ్ట్ | బుధవారం, మధ్యాహ్నం 1:50

నేను ఒప్పుకోను. టికెట్ డబ్బులకి తడుముకునేవాళ్లని రోజూ చూస్తాను. కానీ ఈ ఉత్తరం వరకు సరే.

---

కిటికీసీటు | శుక్రవారం, రాత్రి 11:15

రెండు రోజులు రాలేదు, పని ఎక్కువైంది. అన్నీ చదివాను. కండక్టర్ బాబాయ్ గారూ, మీ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఇదిగో, చూసి తిట్టండి.

"అయ్యా, సర్వీసుల తగ్గింపు ప్రతిపాదన మీద నా అభ్యంతరం.

ఒకటి, మీరు చూపిన ఆదా సగటు ఖర్చు మీద వేసిందా, ట్రిప్పు ఆపితే నిజంగా ఆగే ఖర్చు మీద వేసిందా తెలపగలరు. రెండు, ఈ తగ్గింపు వల్ల పోయే టికెట్ రాబడిని అందులోంచి మినహాయించారా? మూడు, ప్రయాణికుల సంఖ్య ఏ స్టాపుల్లో, ఏ తేదీల్లో, ఏ గంటల్లో లెక్కించారు? సెలవుల్లో లెక్కిస్తే ఆ సంగతి చెప్పండి. నాలుగు, రాత్రి తొమ్మిది తర్వాత ప్రయాణించేవారికి బదులు ఏర్పాటు ఏమిటి? అయిదు, మరమ్మతులకీ కొత్త బస్సులకీ కేటాయింపు ఈ బడ్జెట్‌లో పెరిగిందా, తగ్గిందా?

నేను రోజూ రాత్రి బస్సులో ఇంటికి వెళ్తాను. ఆ బస్సు లేకపోతే ఇప్పుడు చేస్తున్న పని చేయలేను."

నా రెండు పేజీల్లోంచి ఆఖరి రెండు వాక్యాలే మిగిలాయి.

---

పాతకండక్టర్ | శనివారం, ఉదయం 5:40

తిట్టడానికేం లేదమ్మా. రెండు మార్పులు. ప్రతి ప్రశ్న కింద "ప్రజాభిప్రాయ సేకరణకు వారం ముందుగా లిఖితపూర్వక జవాబు ఇవ్వగలరు" అని చేర్చు, లేకపోతే ఆ రోజు నోటితో చెప్పి దాటేస్తారు. రెండోది, ఆ ట్రిప్పు నంబరూ టైమూ వెయ్యి. "రాత్రి బస్సు" అంటే ఏ బస్సు అని అడుగుతారు.

కాగితం రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే లెక్క. మరీ ముఖ్యం, ఒకే ఉత్తరం వందమంది సంతకాలతో ఇస్తే ఒక అభ్యంతరంగా రాసుకుంటారు. వందమంది విడివిడిగా, వాళ్ల మాటల్లో, నాలుగు వాక్యాలైనా సరే రాస్తే వంద. రాయడం రానివాళ్లకి రాసిపెట్టండి, స్టాపులోనే.

---

పన్నుకట్టేవాణ్ణి | శనివారం, ఉదయం 10:10

నా మనసు మారిందని అనుకోకండి. ఆ ఆదివారం రూట్లు ఇప్పటికీ దండగే అంటాను.

కానీ మొన్న కండక్టర్ గారి మాట విన్నాక మధ్యాహ్నం బండేసుకుని మా రూటులో నాలుగు స్టాపులు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. బస్సులో ముగ్గురే అన్నానే, అక్కడ సీట్లు దాదాపు నిండి ఉన్నాయి, కొందరు నిలబడ్డారు కూడా. మరుసటి రోజూ అంతే. మా ఇల్లు నిజంగానే చివరి స్టాపు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను.

ఆ మొదటి మూడు ప్రశ్నలు నేనూ కాపీ చేసుకుంటున్నాను. మా దగ్గర ఇంకా నోటీసు రాలేదు, వస్తే పనికొస్తాయి. ఆదా అని చెప్పి ఆదా కాకపోతే అది నా డబ్బు కూడా కదా.

---

చివరిస్టాప్ | శనివారం, ఉదయం 10:30

సార్, మా రూటు మీద కూడా ఒకసారి వచ్చి నిలబడండి 🙂

---

కిటికీసీటు | ఆదివారం, రాత్రి 11:05

మార్పులు చేశాను. నిన్న, ఇవాళ రాత్రి బస్సులో కూర్చుని తొమ్మిదిమందికి రాసిపెట్టాను. ఒకాయన, సెక్యూరిటీలో పనిచేస్తాడట, తన దాంట్లో ఒకే వాక్యం చాలన్నాడు: "ఈ బస్సులో నేను పద్నాలుగేళ్లుగా నిద్రపోతున్నాను." మార్చమంటే ఒప్పుకోలేదు. అలాగే ఉంచాను.

రేపు పొద్దున ముద్ర వేయించుకోవాలి. ఒక్కటే టెన్షన్, ప్రజాభిప్రాయ సేకరణ సాయంత్రం ఏడున్నరకి పెట్టారు. అందరూ మాట్లాడేసరికి తొమ్మిది దాటుతుంది. ఇంటికి వెళ్లడానికి బస్సుంది, ప్రస్తుతానికి.

---

పాతకండక్టర్ | సోమవారం, ఉదయం 5:35

పేరు మొదట్లోనే రాయించుకో, ముందు పిలుస్తారు. ఆ సెక్యూరిటీ ఆయన్ని కూడా తీసుకెళ్లు.